కంప్యూటరుకు ముసలితనం వస్తుందా?

మీ బడిలో కంప్యూటర్ల గది ఉందా? ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. ఏ మూలనో పాత బ్యానరు గుడ్డ కప్పుకుని రెండు మూడు కంప్యూటర్లు నిద్రపోతూ ఉంటాయి. "ఇవి పనిచెయ్యవా సార్?" అని అడగండి. "పనిచేస్తాయి గానీ, ముసలివైపోయాయి. మీట నొక్కి బయటికెళ్లి చాయ తాగొచ్చినా ఇంకా తెరుచుకోవు" అంటారు.

ముసలివైపోయాయి! ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం.

ఎద్దు ముసలిదైతే నడక మందగిస్తుంది. దాని కండరాల్లో సత్తువ తగ్గుతుంది కదా! సైకిలు పాతబడితే గొలుసు సాగుతుంది, బేరింగులు అరుగుతాయి. మరి కంప్యూటరు మెదడులో అరిగేది ఏముంది? అందులో పరుగెత్తేది విద్యుత్తు. ఆ పరుగుకు తాళం అందించేది ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. ఆ స్ఫటిక కంపనాలను ఆధారం చేసుకుని 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ సెకనుకు 200 కోట్ల తాళాలు వేస్తుంది. కొన్నరోజున 200 కోట్లు. పదేళ్ల తర్వాతా 200 కోట్లే.

అంటే కంప్యూటరు మెదడుకు ముసలితనం రాలేదన్నమాట. అయినా అది నెమ్మదించిందన్న మాటా అబద్ధం కాదు. ఈ రెండూ ఎలా నిజమవుతాయి? ఈ చిక్కు విప్పితే చాలు, ఆ బ్యానరు గుడ్డ కింద ఉన్న వాటిలో కొన్నింటిని మనమే లేపి కూర్చోబెట్టవచ్చు.

చెరువు కట్ట మీద పాఠం

రండి, మిమ్మల్ని పానగల్ తీసుకెళ్తాను. వనపర్తి జిల్లాలో గట్టు మీద కోట ఉన్న పానగల్ వేరు. నేను చెప్పేది నల్లగొండ పక్కనే ఉన్న పానగల్. ఒకప్పుడు కందూరు చోడులకు రాజధాని. ఛాయా సోమేశ్వరాలయం అక్కడే ఉంది. దాని పక్కనే పెద్ద చెరువు, ఉదయసముద్రం. ఉదయచోడుడి పేరు మీద వచ్చిందంటారు.

ఈ చెరువుకు ఇప్పుడు వాననీళ్లే ఆధారం కాదు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి కృష్ణా నీటిని పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తిపోస్తారు. ఆ నీళ్లు అక్కంపల్లి జలాశయం మీదుగా ఇక్కడిదాకా వస్తాయి. ఇక్కడ నిలిచి, అవసరాన్ని బట్టి కిందికి వెళతాయి. నడుమ ఈ చెరువు ఎందుకు? నీళ్లను నేరుగా పొలానికే పంపవచ్చు కదా?

ఆలోచించండి. నీళ్లు చాలా దూరం నుంచి రావాలి. పంపు తన వేగంతో తాను పోస్తుంది. పొలానికి మాత్రం అడిగిన వెంటనే కావాలి. వచ్చే వేగమూ, కావలసిన వేగమూ ఒకటి కానప్పుడు నడుమ ఒక చెరువు ఉండాలి. రైతు తూము ఎత్తించుకుంటే నీళ్లు సిద్ధం. చెరువు ఖాళీ అయిందా, రైతు గెనెం మీద కూర్చుని దూరపు నీళ్ల కోసం ఎదురుచూడాల్సిందే.

కంప్యూటరులోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు. దూరాన ఉన్న పెద్ద జలాశయం హార్డ్ డిస్కు. మీ పాఠాలు, పాటలు, ఫోటోలు, అన్ని ప్రోగ్రాములూ అందులోనే ఉంటాయి. కరెంటు పోయినా చెక్కుచెదరవు. కానీ అక్కడి నుంచి తేవడం ఆలస్యం. దాహంతో ఉన్న పొలం ప్రాసెసర్. దాని తొందర ఇంతా అంతా కాదు. ఈ రెంటి నడుమ ఉన్న చెరువు పేరు ర్యామ్. దీన్నే మామూలుగా మెమరీ అంటాం. మీరు ఏదైనా ప్రోగ్రాము తెరిచినప్పుడు అది డిస్కు నుంచి మెమరీలోకి వస్తుంది. ప్రాసెసర్ అక్కడి నుంచి తీసుకుని పనిచేస్తుంది.

ఏ పోలికా చివరిదాకా సాగదు. చెరువు నీళ్లు వెనక్కి జలాశయానికి పోవు. కంప్యూటరులో మాత్రం మెమరీ నిండిపోతే, అప్పటికి అవసరం లేని సరుకును మళ్లీ డిస్కు మీద దాచి, ఖాళీ అయిన చోటులోకి కొత్త సరుకు తెస్తుంది. కాసేపటికి దాచిన సరుకే కావాలంటే ఇంకొకదాన్ని పంపి దీన్ని రప్పించాలి. ఇంకో తేడా: కంప్యూటరు ఆపగానే ఈ చెరువు పూర్తిగా ఎండిపోతుంది. రేపు పొద్దున మళ్లీ మొదటి నుంచి నింపుకోవాలి. మీట నొక్కాక కంప్యూటరు తెరుచుకోవడానికి పట్టే సమయంలో చాలా భాగం ఈ నింపుడుకే పోతుంది.

ఒక చిన్న లెక్క

"అటూ ఇటూ మోయడానికి అంత ఆలస్యమవుతుందా?" అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేద్దాం. కాగితం తీసుకోండి.

సాధారణ హార్డ్ డిస్కులో ఒక పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు సెకనులో 120వ వంతు, అంటే సుమారు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు, 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. ముల్లున్న చెయ్యి సరైన వరుసకు జరగడానికి మరికొంత. మొత్తం 10 మిల్లీసెకన్లు అనుకుందాం. మెమరీ నుంచి తేవడానికో? సుమారు 100 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. భాగించి చూడండి: మెమరీ కంటే డిస్కు లక్షరెట్లు నెమ్మది!

ఈ లక్ష మన బుర్రకు పట్టాలంటే ఇలా ఊహించండి. మెమరీ నుంచి ఒక వస్తువు తేవడానికి ఒక సెకను పడుతుందనుకోండి. అప్పుడు డిస్కు నుంచి తేవడానికి లక్ష సెకన్లు. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి ఒక పగలు, ఒక రాత్రి దాటి ఇంకో మూడున్నర గంటలకు పైనే! ప్రాసెసర్ పాపం అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. చూసేవాళ్లం మనం "ముసలిదైంది" అంటాం. నిజానికి అది ముసలిది కాదు, ఎదురుచూస్తోంది!

మరి కొన్నరోజున ఎందుకు ఎదురుచూడలేదు? కొన్నరోజున పని తక్కువ. తర్వాత ప్రోగ్రాములు ఏటికేడు లావెక్కాయి. ఒకప్పుడు ఒక వెబ్‌సైటు అంటే నాలుగు పేరాలు, రెండు బొమ్మలు. ఇప్పుడు కదిలే బొమ్మలు, వీడియోలు, తెర వెనుక నడిచే ప్రోగ్రాములు. ఆయకట్టు పెరిగింది, చెరువు మాత్రం అంతే ఉంది. పైగా అందులో పూడిక కూడా చేరింది.

పూడిక అంటే? మనం ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ప్రోగ్రాములు. వాటిలో చాలావాటికి ఒక అలవాటు ఉంటుంది. మీరు పిలవకపోయినా, కంప్యూటరు తెరుచుకోగానే తామూ లేచి మెమరీలో పీట వేసుకుని కూర్చుంటాయి. పెన్‌డ్రైవుల వెంట వచ్చిన వైరస్‌లు సరేసరి. చెరువు అడుగున మట్టి చేరితే నీళ్లకు చోటు తగ్గినట్టే, వీటివల్ల అసలు పనికి చోటు తగ్గుతుంది.

కాబట్టి మందులు రెండు: కట్ట పెంచడం, పూడిక తీయడం. మెమరీ చేర్చడం మొదటిది. అంతా తుడిచి ఆపరేటింగ్ సిస్టంను కొత్తగా ఎక్కించడం రెండోది.

ముందు నాడి చూడాలి

మంచి వైద్యుడు రోగి గుమ్మంలో కనిపించగానే సూది వేయడు. నాడి చూస్తాడు. మనమూ అంతే. విండోస్ ఉన్న కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకుంటుంది. లినక్స్‌లో అయితే సిస్టం మానిటర్. మీరు రోజూ చేసే పనే చేస్తూ అందులోని అంకెలు గమనించండి.

మెమరీ పూర్తిగా నిండిపోయి, డిస్కు కూడా తీరిక లేకుండా తిరుగుతోందా? చెరువు చాలడం లేదు.

మెమరీలో చోటుంది గానీ డిస్కు ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు పనిలోనే ఉందా? డిస్కే బలహీనపడి ఉండవచ్చు. టక్, టక్‌మని చప్పుడు కూడా వస్తే అది చివరి దశ. మిగతా పనులన్నీ ఆపి, ముందు అందులోని సమాచారాన్ని వేరేచోటికి నకలు తీయండి.

ప్రాసెసర్ ఊరికే నూటికి నూరు చూపుతోందా? ఏదో ఒక ప్రోగ్రాము, లేదా వైరస్, దాన్ని తినేస్తోంది. ఆ జాబితాలో దాని పేరు కూడా కనిపిస్తుంది.

నాలుగోది మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు బాగా తెలిసిన జబ్బు: వేడి. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లోపలి పంకా, అల్యూమినియం రెక్కల నడుమ దుమ్ము గడ్డకట్టి ఉంటే గాలి ఆడదు. ఇలాంటి కంప్యూటరుకు మెమరీ కొనడం దండగ. ఒక మెత్తని కుంచె చాలు.

కట్ట పెంచడం

మెమరీ చాలడం లేదని తేలాక కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఏ రకం? మెమరీ పలకల్లో డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 అని తరాలున్నాయి. ఒకదాని చోట మరొకటి పట్టదు. వాటికి కావలసిన వోల్టేజి కూడా వేరు: 1.8, 1.5, 1.2 వోల్టులు. పొరపాటున ఒకటి బదులు మరొకటి దూర్చకుండా పలక అంచున ఉండే గాటు ఒక్కో తరంలో ఒక్కో చోట పెట్టారు. గాటు సరిపోకపోతే బలవంతం చేయకండి, అది మీ పలక కాదు. ల్యాప్‌టాప్ పలకలు పొట్టిగా ఉంటాయి.

రెండోది, ఎన్ని గాళ్లున్నాయి, ఎంతవరకు పడుతుంది? ఇది మదర్‌బోర్డు నమూనాను బట్టి ఉంటుంది.

మూడోది, ఆపరేటింగ్ సిస్టం 32 బిట్లదా, 64 బిట్లదా? ఇక్కడ మళ్లీ చిన్న లెక్క. మెమరీలో ఒక్కో గదికి ఒక్కో ఇంటినంబరు ఉంటుంది. 32 స్థానాల్లో సున్నాలు, ఒకట్లు మార్చి మార్చి రాస్తే ఎన్ని నంబర్లు వస్తాయి? రెండును 32 సార్లు వేసి గుణించండి: 4,29,49,67,296. అంటే 4 గిగాబైట్లు. మామూలు 32 బిట్ల విండోస్ ఇంతకు మించి వాడుకోలేదు. అందులోనూ కొన్ని నంబర్లు ఇతర భాగాలకే పోతాయి. అలాంటి కంప్యూటరులో 8 గిగాబైట్ల పలక పెట్టి "వేగం పెరగలేదేం?" అంటే తప్పు పలకది కాదు.

పలక మార్చేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కంప్యూటరు ఆపి, గోడనుంచి తీగ పీకి, పవర్ మీటను ఒకసారి నొక్కి వదలండి. లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. చలికాలంలో పాలియెస్టర్ చొక్కా విప్పుతుంటే చిటపటమంటుంది చూశారూ, ఆ స్థిర విద్యుత్తు మెమరీకి శత్రువు. అది మనకు తెలియనంత తక్కువగా ఉన్నా చిప్పు చెడిపోవచ్చు. అందుకని ముందు కంప్యూటరు ఇనుప చట్రాన్ని తాకండి. పలకను అంచులతోనే పట్టుకోండి. రెండు కొనల దగ్గర కొక్కేలు టప్‌మని పడేదాకా సమంగా నొక్కండి. ఒక్కటి మాత్రం ఎన్నడూ చేయకండి: పవర్ సప్లై డబ్బా విప్పకండి. తీగ పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఈ "కట్ట పెంచడం" కొత్త విద్య కాదు. మన హైదరాబాదులో 1967లో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అదే ఈసీఐఎల్, మొదట తయారుచేసిన కంప్యూటరు టీడీసీ-12. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో 1969 నాటికి రూపుదిద్దుకుంది. దాని మెమరీ 4096 పదాలు, పదానికి 12 బిట్లు. ఒక్కో బిట్టుకూ ఒక చిన్న ఫెర్రైటు ఉంగరం. గుణిస్తే 49,152 ఉంగరాలు, తీగల మీద పూసల్లా గుచ్చినవి! అవసరమైతే ఆ మెమరీని 32,768 పదాల వరకు పెంచుకునే ఏర్పాటు అప్పుడే ఉంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న 2 గిగాబైట్ల చిన్న పలకలో సుమారు 1718 కోట్ల బిట్లున్నాయి. అది చాలడం లేదని మనం వాపోతున్నాం!

నేను చేసిన తప్పు

పూడిక తీయడం గురించి చెప్పే ముందు మీకొక సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు సంతోషం లేదు గానీ, మీకు ఉపయోగం.

నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు చెరువుల మీద ఒక ప్రాజెక్టు చేశారు. చెరువు కింద నీరడిగా పనిచేసిన ఒక తాత దగ్గరికి వెళ్లి, తూము ఎప్పుడు ఎత్తేవాళ్లు, కరువు ఏడు నీళ్లు ఎలా పంచేవాళ్లు, మత్తడి దూకితే ఏం చేసేవాళ్లు అన్నీ అడిగి, ఆయన గొంతును ఫోనులో రికార్డు చేసుకొచ్చారు. వాటిని బడి కంప్యూటరులో పెట్టి ఫోనులో చెరిపేశారు. చోటు లేదు మరి!

వేసవి సెలవుల్లో ఆ కంప్యూటరును బాగుచేద్దామని నేనే కూర్చున్నాను. "డాక్యుమెంట్లు" అనే సంచి మొత్తం పెన్‌డ్రైవులోకి తీసుకున్నాను. ఇక అంతా భద్రమేనని డిస్కు తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించాను. కంప్యూటరు చక్కగా నడిచింది. జూన్‌లో పిల్లలు వచ్చి "సార్, తాత మాటలేవి?" అన్నారు. వాళ్లు రికార్డులు పెట్టింది డాక్యుమెంట్లలో కాదు, తెర మీదే. అంటే డెస్క్‌టాప్ అనే వేరే సంచిలో. నేను దాన్ని చూడలేదు.

మామూలు హార్డ్ డిస్కును త్వరగా తుడిచే పద్ధతిలో నిజానికి చెరిగేది పుస్తకంలోని విషయసూచిక లాంటిదే. పేజీలు అలాగే ఉంటాయి. వెంటనే ఆపి ఉంటే కొన్నయినా వెనక్కి వచ్చేవి. కానీ నేను ఆ పేజీల మీదే కొత్త విండోస్ రాసేశాను. తర్వాత ఎంత వెతికినా సగం సగం ముక్కలే దొరికాయి. మళ్లీ ఆ తాత దగ్గరికి వెళ్దామనుకున్నాం. అప్పటికి ఆయన లేరు.

మెమరీ పలక పోతే కొనుక్కోవచ్చు. డిస్కు పోతే కొనుక్కోవచ్చు. డిస్కులో ఉన్నది పోతే కొనడానికి ఏ దుకాణంలోనూ దొరకదు.

పూడిక తీయడం

అందుకే ఇప్పుడు ఈ వరుస తప్పను. మీరూ తప్పకండి.

ఒకటి: కంప్యూటరు వాడే ప్రతివాళ్లనూ అడగండి, "నీవి ఎక్కడెక్కడ ఉన్నాయి?" అని. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్లు, బొమ్మలు, అన్నీ వెతకండి.

రెండు: రెండు వేర్వేరు చోట్ల నకలు తీయండి. ఒకటి పెన్‌డ్రైవు, ఇంకొకటి వేరే డిస్కు.

మూడు: ఆ నకళ్లను వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. పేరు కనిపిస్తే చాలదు. పాట వినిపించాలి, బొమ్మ కనిపించాలి.

నాలుగు: కంప్యూటరు నమూనా పేరు, విండోస్ అనుమతి సంఖ్య, అవసరమైన ప్రోగ్రాముల జాబితా కాగితం మీద రాసుకోండి. శబ్దం, తెర, నెట్‌వర్కు వంటి భాగాలను నడిపే డ్రైవర్లను ముందే దింపుకుని ఉంచండి. నెట్‌వర్కు డ్రైవరు లేక నెట్ రాకపోతే, దాన్ని తెచ్చుకోవడానికీ నెట్ ఉండదు!

ఐదు: ఆపరేటింగ్ సిస్టంను దాని తయారీదారుల వెబ్‌సైటు నుంచే తెచ్చి, ఖాళీ పెన్‌డ్రైవులో సిద్ధం చేసుకోండి. ఎవరో ఇచ్చిన దొంగ నకలు ఎక్కిస్తే పూడిక తీసి మురుగు నింపినట్టే.

ఆరు: ఎక్కించేటప్పుడు ఏ డిస్కు తుడవాలని అడుగుతుంది. నకళ్లున్న డిస్కును అప్పటికే ఊడదీసి పక్కన పెట్టి ఉండాలి.

ఏడు: ఎక్కాక అవసరమైన ప్రోగ్రాములే పెట్టండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మన చెరువుల పూడిక మట్టి పొలాలకు తోలారు. వాగులో మట్టి కొట్టుకొస్తూనే ఉంటే ఆ చెరువు మళ్లీ పూడుతుంది కదా! కంప్యూటరూ అంతే.

ఏం మారింది?

ఆ బడిలోనే పది పాత కంప్యూటర్లుండేవి. ఒక్కొక్కదానిలో 2 గిగాబైట్ల మెమరీ, తిరిగే డిస్కు. అన్నింటినీ తుక్కు కింద రాసేద్దామన్నారు. పరీక్షిస్తే నాలుగింటి మదర్‌బోర్డులు నిజంగానే పోయాయి. ఆరు బతికే ఉన్నాయి. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, స్టాక్ రిజిస్టరులో రాసి, పోయిన నాలుగింటి మెమరీ పలకలు తీసి బతికినవాటిలో నాలుగింటికి పెట్టాం. రూపాయి ఖర్చు లేకుండా 2 గిగాబైట్లు 4 అయ్యాయి!

కానీ అన్నీ ఒకేసారి మార్చలేదు. ఒకటి మార్చడం, గడియారం పెట్టి చూడడం, రాసుకోవడం. మీట నొక్కినప్పటి నుంచి ఒక పేరా టైపు చేయగలిగేదాకా మొదట ఆరు నిమిషాలు దాటింది. పూడిక తీశాక మూడున్నర నిమిషాలు. మెమరీ పెంచాక మూడు నిమిషాల పైనే. "ఇంతేనా సార్, పలక వల్ల పెద్దగా లాభం లేదు" అని ఒక అమ్మాయి నిరాశపడింది. ఇంకొక అమ్మాయి "ఆగు" అని, టైపింగు, వెబ్ బ్రౌజరు, బొమ్మలు గీసే ప్రోగ్రాము మూడూ తెరిచి ఒకదాని నుంచి ఇంకొకదానికి మారి చూసింది. ఇదివరకు మారిన ప్రతిసారీ డిస్కు గరగరమంటూ ఆగిపోయేది. ఇప్పుడు వెంటనే మారింది!

చూశారా? మెమరీ మేలు తెరుచుకోవడంలో కనిపించలేదు, పనులు కలిపి చేయడంలో కనిపించింది. కొలిచేది మారితే జవాబు మారుతుంది. సరైన చోట కొలవడం సగం సైన్సు.

తర్వాత ఒక దాత ఇచ్చిన డబ్బుతో ఒక కంప్యూటరుకు తిరిగే డిస్కు బదులు ఎస్ఎస్‌డీ పెట్టాం. ఇందులో తిరిగే పళ్లెం లేదు, జరిగే ముల్లు లేదు. ఇందాకటి లెక్కలో డిస్కుకు ఒక రోజు దాటింది కదా, దీనికి సుమారు 17 నిమిషాలే. ఆ కంప్యూటరు నిమిషం లోపే తెరుచుకుంది.

ఎక్కడ ఆగాలి?

పాతదాన్ని ఎల్లకాలం లాగవచ్చని నేననను. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14న ఆగాయి. విండోస్ 10కు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14న ఆగాయి. సవరణలు అందని కంప్యూటరును నెట్‌కు కలిపితే, తలుపు గడియ లేని ఇల్లే. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీతోపాటు పాతవాటిలో లేని కొన్ని భాగాలు కావాలి. అలాంటప్పుడు ఉచితంగా దొరికే లినక్స్ మంచి దారి. లుబుంటు వంటివి తక్కువ మెమరీతో నడుస్తాయి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది.

నిజంగా పోయినవాటిని చెత్తకుండీలో వేయకండి, తగలబెట్టకండి. వాటిలో సీసం వంటి విషాలుంటాయి. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఒక కంప్యూటరును మరో మూడేళ్లు నడిపిస్తే ఆ కుప్ప అంతమేరకు ఆలస్యంగా పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో కంప్యూటరు లేని ఒక పిల్లకో పిల్లాడికో ఒక కుర్చీ దొరుకుతుంది. ఆ బడిలో ఆరు కుర్చీలు దొరికాయి.

మీరే చేసి చూడండి

మీ సారును అడిగి ఒక నెమ్మది కంప్యూటరు ఎంచుకోండి. ఏదీ మార్చకుండా ముందు రెండు కొలతలు రాసుకోండి: తెరుచుకోవడానికి ఎంతసేపు, మూడు ప్రోగ్రాములు కలిపి తెరవడానికి ఎంతసేపు. మూడేసి సార్లు కొలిచి సగటు తీయండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో, పిలవకుండా లేచే ప్రోగ్రాముల జాబితా చూసి అవసరం లేనివాటిని ఆపండి. వైరస్‌ల నుంచి కాపాడే ప్రోగ్రామును మాత్రం ఆపకండి. మళ్లీ కొలవండి. తేడా ఎంత? ఏ కొలతలో ఎక్కువ?

ఇక ఈ ప్రయోగం మొదలుపెట్టే ముందు ఒక్క పని. మీ ఊళ్లో నీరడిగానో, మరేదో పాత పని చేసో బతికిన తాతో అవ్వో ఉంటే, వాళ్ల మాటలు రికార్డు చేసుకోండి. రెండు చోట్ల దాచండి. రెండూ తెరిచి వినండి. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకోండి.